నాలుగు గీతల జీపు

కోట,
12-11-1961

మా యెహోషువకు,

మేమిద్దరం క్షేమం అని మొదట రాయడం ఆనవాయితీ గనుక రాస్తున్నాను, పూర్తిగా నమ్మొద్దు. మద్రాసులో నీకు వేళకు అన్నం దొరుకుతోందా? పోయిన ఉత్తరంలో దగ్గు అన్నావు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోతే తగ్గినట్టా, ముదిరినట్టా? కాంపౌండరు పెళ్ళాన్ని గదా, నాకు ప్రతి దగ్గూ క్షయగానే వినిపిస్తుంది.

అసలు సంగతి మీ బావ జీపు. యుద్ధం అయిపోయినాక మిషను వాళ్ళు మిలిటరీ వేలంలో కొని మన డిస్పెన్సరీకి పంపిన బండి అది. వచ్చిన రోజునుంచి ఆయనదే అయిపోయింది. పిల్లలు లేని ఇల్లు, దాన్ని కడగడం, తుడవడం, దాని మీద కాకి రెట్ట వేస్తే కాకిని తిట్టడం, అన్నీ ఆయనే. సముద్రపు ఒడ్డున పాలెంలో పోలేరయ్య కోడలు మస్తానమ్మను నొప్పులతో వేసుకొస్తూ కాలువ కట్టమీదినుంచి తాటిమొద్దు మీద పడేసినారు, గుర్తుందా? ఆ పిల్ల ఆ కట్టమీదే కనేసింది. తల్లీ బిడ్డా గుండ్రాయిలాగా ఉన్నారు. జీపుకే నడుం వంగింది.

అప్పటినుంచి అది ఎండ్రకాయ మాదిరి పక్కవాటంగా నడుస్తుంది. ముందు చక్రాలు ఒక దోవ, వెనక చక్రాలు ఇంకో దోవ. ఇసుకలో ఏ బండికైనా రెండు గీతలు పడతాయి, మాదానికి నాలుగు. పాలెం పిల్లకాయలు ఎండ్రకాయ బండి అని వెంటపడతారట. వాళ్ళ సంగతి సరే, మొన్న ఆదివారం గుడి దగ్గర పాస్టరు గారి భార్య కూడా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

నవ్వులు నేను పడతాను అబ్బయ్యా. భయం వేరే ఉంది. ఆ స్టీరింగు ఎప్పుడూ ఎడమకు లాగుతుంది. రోజంతా దాన్ని కుడికి లాగి పట్టుకోవాలి. పోయిన వారం వాకాడు నుంచి వస్తూ దారిలో ఆపి గుండె పట్టుకుని కూచున్నారట. నాకు చెప్పలేదు, బస్సు వాళ్ళు చెప్పినారు. నెల్లూరుకు లాక్కుపోయి చూపించాను. గుండె బలం తగ్గింది, ఆ బండితో కుస్తీ పట్టడం మానమన్నారు పెద్ద డాక్టరు గారు. మానితే పాలేలకు మందు ఎవరు తీసుకుపోతారని ఈయన అడిగినారు. డాక్టరు గారు నా మొహం చూసినారు. నేనేం చెప్పేది?

వంగిన దాన్ని తిన్నగా చేయడం కుదురుతుందా? లేకపోతే కొత్తది వేయాలా? నీకు తెలిసిన పనే గదా. నేను రాసినట్టు ఆయనకు తెలియనీకు. నీకై నువ్వే తలచుకుని అడిగినట్టు ఒక కార్డు రాయి.

నీ అక్క,
కరుణ

మద్రాసు,
29-11-1961

అక్కకు యెహోషువ వందనాలు.

దగ్గు తగ్గింది. నీ ఉత్తరం మా షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. నాలుగు గీతల జీపు అనగానే మేస్త్రీ గారు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వినారు. బావ గుండె సంగతి మాత్రం నాలోనే ఉంచుకున్నాను. అది చదివినప్పటినుంచి మనసు మనసులో లేదు.

నువ్వు నడుం అన్నావే, అది సరైన మాట. దాన్ని ఛాసీ అంటారు. జీపంతా దాని మీదే కూచుని ఉంటుంది. ఎదురెదురు మూలలకు తాడు పట్టి చూస్తే అటు కొలతా ఇటు కొలతా ఒక్కటిగా ఉండాలి. తేడా వచ్చిందంటే వంగినట్టే. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను, మీ ఊరి కొలిమికి మాత్రం పంపొద్దు. ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే కంటికి తిన్నగానే వస్తుంది, కానీ ఇనుములో సత్తువ చచ్చిపోతుంది. ఏదో ఒక గుంతలో పుటుక్కుమంటుంది. మార్చేయడమే మేలు. ఇక్కడి పుదుప్పేట పాతసామాను బజారులో ఇంజను లేని మిలిటరీ జీపు ఒకటి పడి ఉంది. దాని ఛాసీ పెళ్ళికూతురు మాదిరి ఉంది. మాట్లాడి పెట్టాను.

నువ్వు చెప్పినట్టే బావకు కార్డు రాశాను. జవాబు వచ్చింది. ‘బండి బాగానే నడుస్తున్నది. దానిని అట్లే ఉండనిమ్ము. నీ ఆరోగ్యము జాగ్రత్త.’ అంతే. అక్కా, నిజం చెప్పు. కాంపౌండరు చదువు చదవరా అంటే వినకుండా మోటారు పనికి పోయానని ఆయనకు ఇంకా కోపమేనా? వేరే ఏ మేస్త్రీ అడిగినా ఇట్లాగే అనేవారా, లేక నా చేయి పడటం ఇష్టం లేదా? పట్నంలో పెద్ద పెద్ద వాళ్ళ కార్లు నా చేతికి వదిలిపెట్టి పోతున్నారు. సొంత బావకు పనికిరాలేదు. బాధగా ఉంది, అందుకే రాశాను.

నీ తమ్ముడు,
యెహోషువ

కోట,
18-12-1961

యెహోషువా,

నువ్వు చిన్నప్పుడూ ఇంతే. ఎవరో ఏదో అంటే అది నిన్నే అన్నారని మూలకు పోయి కూచునేవాడివి. మీ బావకు నీ మీద కోపం లేదు. నువ్వు పంపిన చేతి గడియారం ఇప్పటికీ నిద్రలో కూడా తీయరు. ఆయనది మొండితనం, అంతే.

నీ కార్డు వచ్చినాక నేనే విషయం కదిపాను. ఏమన్నారో తెలుసా? ‘ఆ ఎండ్రకాయ నడక చూసే గదా పాలెం వాళ్ళు నన్ను గుర్తుపట్టేది. తిన్నగా నడిస్తే వచ్చింది నేనని వాళ్ళకెట్ట తెలుస్తుంది?’ అని నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది. మనిషికి ముఖం ఉండగా బండి నడకతో గుర్తుపట్టేదేముంది అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వారం రోజులు చూశాను, వింటారేమోనని. వినలేదు. చివరికి ఒకరోజు కంచం ముందు కూచుని అన్నం కలపకుండా ఏడ్చాను. నాటకం కాదు, నిజంగానే ఏడుపొచ్చింది. మీరు ఆ స్టీరింగు మీదే పోతే నాకు ఎవరు దిక్కు అని అడిగాను. ఆయన నా కంచంలో అన్నం కలిపి పెట్టి, ‘సరే, మీ తమ్ముణ్ణి రమ్మను’ అన్నారు.

పండగ పోయినాక రా. క్రిస్మసుకు నీకు అరిసెలు పంపుతున్నాను, గూడూరు స్టేషనులో మనవాళ్ళు మద్రాసు బండిలో ఎవరికైనా ఇస్తారు. సగం వాళ్ళే తినేస్తారని తెలుసు, అందుకే ఎక్కువ చేశాను.

నీ అక్క,
కరుణ

మద్రాసు,
19-2-1962

అక్కకు,

నీ ఇంటి నెల్లూరు బియ్యం అన్నం తిని వచ్చినాక ఇక్కడి హోటలు అన్నం గొంతు దిగడం లేదు. అందుకు నీదే బాధ్యత.

ఒక్క మాట చెప్పుకుంటే దోషం లేదు గదా. గూడూరునుంచి ఎద్దులబండి మీద ఆ ఛాసీని తెచ్చి, డిస్పెన్సరీ వెనక రేకుల షెడ్డులో దించినప్పటినుంచి చివరి నట్టు బిగించేదాకా, నా జన్మలో ఇంత ఇష్టంగా ఏ పనీ చేయలేదు. మూలమూలకు తాడు పట్టడానికి బావ వల అల్లే దారం ఇచ్చినారు చూశావా, పాలెం వాళ్ళు ఆయనకు ఇచ్చిందట. మా షెడ్డు తాళ్ళకంటే బాగుంది, సాగదు. చుట్టి జేబులో వేసుకొచ్చాను. రెండు కొలతలూ వెంట్రుక తేడా లేకుండా వచ్చినప్పుడు నేను అరిచిన అరుపుకు నువ్వు పాఠాలు చెప్పే బళ్ళో పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూశారు.

కానీ నాకొకటి తొలుస్తూ ఉంది, చెప్పేస్తాను. మీ బడి వెనక ఇసుకలో బావ మొదటిసారి నడిపి చూశారు గదా. వేలితో తిప్పితే తిరిగింది. దిగి వెనక్కు తిరిగి ఆ గీతలు చూస్తూ నిలబడ్డారు. రెండే గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు. ఒక మంచి మాట అంటారని పక్కనే నిలుచున్నాను. ఆయన చాలాసేపు చూసి, ‘ఇంక దీనికీ పోలీసు జీపుకూ తేడా లేదురా’ అన్నారు. అంతే, లోపలికి పోయినారు. ప్రొహిబిషన్ పోలీసులంటే ఆయనకు పడదని తెలుసు, సారా కుండల కోసం పాలేల మీద పడి మగవాళ్ళను పట్టుకుపోతున్నారని చెప్పినారు కూడా. నేను ఇంత కష్టపడి చేస్తే నా పనిని తీసుకెళ్ళి వాళ్ళతోనా కలపడం?

పాత ఛాసీ పాతసామాను వాడికి వేసేయమంటే అదీ ఒప్పుకోలేదు. షెడ్డు గోడకు ఆనించి పెట్టారు. అది చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆయన బడ్డీకి పోయినప్పుడు వేసేయ్.

నీ తమ్ముడు,
యెహోషువ

కోట,
2-3-1962

యెహోషువకు,

ముందు మంచి కబురు. మీ బావ రాత్రిళ్ళు నిద్రపోతున్నారు. గుండె బరువు అనే మాట వినలేదు. నీ చేతులకు దండం పెట్టాలనుంది. ఆయన కూడా నిన్న వాకాడు పోయివచ్చి, వాడి పని వాడికి బాగా తెలుసు అన్నారు. ఎదురుగా అనడం ఆయనకు చేతకాదు, నేను నీకు చేరవేస్తున్నాను. పాత ఇనుము మాత్రం వేయను. ఆయన రోజూ ఒకసారి దాని దగ్గర నిలబడి బీడీ కాలుస్తారు.

ఇక ఒక వింత సంగతి. జీపు బాగైనాక మొదటిసారి పోలేరయ్య పాలెం పోయినారు. అక్కడి పద్ధతి నీకు తెలియదు. అవతల అంతా పొడి ఇసుక, జీపు దిగబడుతుంది, అందుకని సరుగుడు తోపు దగ్గరే ఆపేస్తారు. ఆపి చెట్ల కింద మందుపెట్టె తెరిచి కూచుంటే చాలు. ఎవరినీ పిలవాల్సిన పని లేదు, ఎట్లా తెలుస్తుందో ఏమో, ఆయన పెట్టె తెరిచి సర్దుకునే లోపే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి కూచుంటారట. ఈసారి ఒక్కరూ రాలేదు. చెట్ల సందున చూస్తే గుడిసెల్లోంచి పొయ్యి పొగ వస్తోందట, మనుషులు మాత్రం రాలేదు. పొద్దు వాలేదాకా కూచుని వచ్చేసినారు.

ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. పోయిన నెల ఆ పాలెంలో ముసలాయన ముత్యాలయ్య ఈయన మందు తిన్న మర్నాడు పోయినాడు. వయసుకు పోయినాడు. ఆ చావు తన మీద పెట్టుకున్నారని ఈయన అనుమానం. ‘నేనంటే నమ్మకం పోయింది వాళ్ళకు’ అని ఒక్కటే మాట. గుడిసెల దాకా నడిచిపోయి అడగరాదా అంటే, రావద్దనుకున్న వాళ్ళ గడపలోకి మందుపెట్టె ఎత్తుకుపోతానా అన్నారు. ఆ ఇసుకలో నడవడం కూడా ఆయన గుండెకు మంచిది కాదులే. వచ్చే వారం మళ్ళీ పోయి చూస్తారట. మస్తానమ్మ మళ్ళీ కడుపుతో ఉంది, ఆరో నెల, ఆ పిల్లకు టానిక్కు ఇవ్వాలని ఆరాటం.

నాకు మటుకు వాళ్ళ మీద కోపంగా ఉంది.

నీ అక్క,
కరుణ

మద్రాసు,
9-3-1962

అక్కా,

బావ అలిగిన పెళ్ళికొడుకు మాదిరి అన్నం మానేశారని రాశావు, చదివి నవ్వుకున్నాను. చేపలు పడే రోజులు గదా, వేటకు పోయి ఉంటారు, ఆడవాళ్ళు బుట్టలెత్తుకుని సంతకు పోయి ఉంటారు. దానికి ఇంత ఆలోచనా? ఆయన్ను నమ్మక ఎవరిని నమ్ముతారు? ఆ మందుల చేదు ఒక్కరోజు తప్పించుకుందామని దాక్కున్నారేమో.

ఈసారి పోయినప్పుడు గట్టిగా హారన్ కొట్టమను. కొత్త బ్యాటరీ వేశాను, సముద్రం అవతలి ఒడ్డుకు కూడా వినిపిస్తుంది. వినిపించిందా లేదా నాకు రాయమను. ఆయన చేత్తో ఆయనే రాయాలి. వాడి పని వాడికి తెలుసు అన్న మాట కూడా ఆయన చేత్తోనే రాయించు, చట్రం కట్టించి షెడ్డులో తగిలించుకుంటాను.

నీ తమ్ముడు,
యెహోషువ

మద్రాసు,
27-3-1962

అక్కా,

ఎట్లా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు. తంతి అందుకుని వచ్చిన నేను నాలుగు మాటల ఓదార్పు చెప్పకుండా గొడవ పెట్టుకుని వచ్చేశాను. సమాధి దగ్గర నువ్వు ఒక్కదానివే నిలబడి ఉంటే నేను గోడ అవతల పోలేరయ్య కండువా పట్టుకుని లాగుతున్నాను.

నాకు ఇప్పటికీ ఆ పనికి సిగ్గు లేదు. బావ ఆ తోపులో జీపు ఆపినారు. గుండెలో నొప్పి వచ్చింది. దిగలేక, తోలలేక, హారన్ మీద చేయి పెట్టి నొక్కుతూ ఉన్నారు. ఎక్కడో కాలువలో పడవవాడు కూడా విన్నాడు, డాక్టరయ్య జనాన్ని పిలుస్తున్నాడనుకున్నానన్నాడు. అంత దూరాన ఉన్నవాడికి వినిపించింది. ఆ గుడిసెల్లో వాళ్ళకు వినిపించలేదా? ఇద్దరు వచ్చి నాలుగు చేతులు వేసి జీపులో పడుకోబెట్టి, ఒక పిల్లవాణ్ణి కోటకు పరిగెత్తించి ఉంటే ఆయన ఉండేవారేమో. సాయంత్రం చల్లబడినాక వచ్చి చూశారట. చూసి ఏం చేసేది?

ఎన్నేళ్ళు వాళ్ళ కోసం ఆ ఇసుకలో తిరిగినాడు ఆ మనిషి. చివరికి సమాధికి వచ్చి గోడ బయట నిలబడ్డారు, లోపలికి కూడా రాలేదు. హారన్ వినిపించిందా లేదా చెప్పు అని పోలేరయ్యను అడిగాను. తల వంచుకున్నాడు. మళ్ళీ అడిగాను. కండువా నా చేతిలోనే వదిలేసి నిలబడ్డాడు గానీ నోరు విప్పలేదు. తప్పు చేసినవాడికి నోరెట్లా వస్తుంది?

ఆ పాలెం గడప ఇక ఎవరూ తొక్కకూడదు. డిస్పెన్సరీకి వచ్చే కొత్త మనిషికి నువ్వే చెప్పు, వాళ్ళు చస్తే చావనీ. పాస్టరు గారు ఈ మాట వింటే ఏమంటారో నాకు తెలుసు. నాకు ఇప్పుడు ఆ మాటలు వద్దు.

యెహోషువ

కోట,
4-4-1962

తమ్ముడూ,

బావ ఉండగా నువ్వు రాసిన చివరి ఉత్తరం, ఆ హారన్ ఉత్తరం, సమాధి అయిన మర్నాడు వచ్చింది. ఆయన బైబిలులో పెట్టాను. నీకు చెప్పలేదు.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు. నీకు చెప్పొద్దని పోలేరయ్య నా చేత ఒట్టు వేయించుకోబోయినాడు. నేను వేయలేదు. నువ్వు ఆ పాలెం మీద పగ పెట్టుకుని బతకడం నాకు ఇష్టం లేదు. మీ బావకూ ఇష్టం ఉండదు.

పోయిన ఆదివారం పోలేరయ్య, మస్తానమ్మ ఇంటికి వచ్చి వాకిట్లో కూచున్నారు. లోపలికి రమ్మంటే రారు. నేనూ మెట్టు మీద కూచున్నాను. పోలేరయ్య నేల చూస్తూ చెప్పినాడు.

‘రెండు గీతలు చూసినామమ్మా. పుల్లలకు పోయిన ఆడోళ్ళు తోపు ఎనక రెండు గీతలు చూసి పరిగెత్తుకొచ్చినారు, పోలీసోళ్ళ జీపు వచ్చిందని. ముందు నెలలోనే నా పెద్దకొడుకును పట్టుకపోయినారు. డాక్టరయ్యదైతే నాలుగుంటాయి గదమ్మా. నాలుగు చూస్తే మా పిల్లకాయలే తోపుకు ఉరుకుతారు. కుండలు ఇసకలో పూడ్చినాం. మొగోళ్ళం పడవలెక్కి పోయినాం. ఆడోళ్ళు తలుపులేసుకున్నారు. హారన్ ఇన్నారు. పోలీసోళ్ళు గూడా అట్టనే కొడతారు, ఎవురన్నా బయటికి వస్తారేమోనని.’

ఆ ముందు వారం కూడా అదే జరిగిందట. పొగ కనిపించి మనుషులు కనిపించలేదన్నారు గదా, అదే.

నువ్వు కండువా పట్టుకుని అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగాను. ‘ఆ అయ్య వాళ్ళ బావ కోసరం చేసినాడంట గదమ్మా ఆ పని. ఏమని చెప్పేది ఆయనకి?’ అన్నాడు. గోడ లోపలికి ఎందుకు రాలేదో కూడా అడగబోయి ఊరుకున్నాను.

మస్తానమ్మ తెలుసు గదా, తల్లీ బిడ్డా గుండ్రాయిలాగా ఉన్నారు అని నేను నీకు రాసిన ఆ పిల్లే. కడుపు మీద చేయి పెట్టుకుని, ‘హారన్ ఆగినాక, అమ్మయ్య, బతికినాం అనుకున్నానమ్మా’ అంది.

ముగ్గురం ఏడ్చాం. చాలాసేపు ఏడ్చాం.

ఆయన చెప్పినారు తమ్ముడూ. ఆ నడక చూసే గదా నన్ను గుర్తుపట్టేది అన్నారు. తమాషాకు అన్నారో, ఆయనకూ సగమే తెలుసో. తెలిసి ఉంటే ముందే కబురు పంపేవారు. నేను నవ్వాను. నువ్వు మద్రాసులో నవ్వావు. వాళ్ళకు తన మీద నమ్మకం పోయిందనుకుంటూనే ఆయన పోయినారు, నాకు అది ఒక్కటి మింగుడు పడటం లేదు. మిగతాదంతా ఎట్లాగో మింగుతున్నాను.

నిన్ను తప్పు పట్టి రాయడం లేదు. నీ చేతులకు దండం పెట్టాలనుంది అని రాశానే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఒకటి అడుగుతున్నాను. షెడ్డు గోడకు ఆ పాత ఛాసీ ఇంకా ఆనించే ఉంది. వచ్చి దాన్ని తిరిగి వేసి పో.

కరుణ

మద్రాసు,
1-5-1962

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. షెడ్డుకు పోతున్నాను, వస్తున్నాను. మొన్న ఒక లారీ ఛాసీ కొలవాల్సి వచ్చి జేబులో చేయి పెడితే ఆ వల దారం వచ్చింది. పని వేరేవాళ్ళకు ఇచ్చి బయటికి వచ్చేశాను.

వంగినదాన్ని తీసి తిన్నటిది వేయమని అందరూ అడుగుతారు. తిన్నటిది తీసి వంగింది వేయమని ఎవరూ అడగరు. నన్ను శిక్షించాలంటే ఇంకేదైనా అడుగు. ఆ జీపు తోలే ఇంకో మనిషి కూడా రోజంతా స్టీరింగు లాగి పట్టుకుని గుండె చెడగొట్టుకోవాలా? పాలెం వాళ్ళకు చెప్పండి, జీపు మారింది, ఇక రెండు గీతలేనని. చెబితే అర్థం కాదా?

నా చేత కాదు అక్కా.

యెహోషువ

కోట,
8-5-1962

తమ్ముడూ,

మళ్ళీ మూలకు పోయి కూచున్నావు. శిక్ష అని ఎవరన్నారు?

చెప్పాం. పోలేరయ్య గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పినాడు. కొత్త కాంపౌండరు క్రీస్తుదాసు వచ్చినాడు, పెళ్ళి కాని కుర్రాడు, ఎద్దు మాదిరి ఉన్నాడు, ఆ స్టీరింగు వాణ్ణేం చేయలేదు. పాలెం పోయి వచ్చినాడు. పోలేరయ్య ఒక్కడే వచ్చి పక్కన కూచున్నాడట. మిగతావాళ్ళకు వచ్చింది ఎవరో తెలుసు, రావాలనీ ఉంది. అయినా ఆ రెండు గీతలు చూస్తే ఆడవాళ్ళకు కాళ్ళు ఆడటం లేదట. పోలీసులు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఈ రెండు వాళ్ళవా, మనవా అని ఇసుకలో కూచుని ఎవరు తేల్చుకుంటారు? పొరపాటు పడితే ఇంట్లో మగవాడు జైలుకు పోతాడు. మస్తానమ్మకు నెలలు దగ్గరపడుతున్నాయి. మొదటి కాన్పే కట్టమీద అయిన పిల్ల.

ఇది వాళ్ళ సంగతి. నా సంగతి కూడా చెప్తాను, దాచుకోను. పొద్దున్నే బడికి పోతుంటే ఇసుకలో ఆ నాలుగు గీతలు చూసేదాన్ని. ఆయన పనిమీద పోయినారని తెలిసేది. సిగ్గుపడేదాన్ని కూడా. ఇప్పుడు ఆ సిగ్గు కావాలని ఉంది. ఒక్కసారైనా చూడాలని ఉంది. వస్తావా?

కరుణ

కోట,
11-6-1962

యెహోషువా,

నువ్వు పని అయిపోగానే అన్నం కూడా తినకుండా బస్సెక్కి పోయినావు. కొలిచి చూడకుండా నట్లు బిగించిన పని నీ జన్మలో ఇదొక్కటేనని క్రీస్తుదాసుతో అన్నావట. ఆ వల దారం షెడ్డులో మేకుకు తగిలించి పోయినావు, చూశాను. అక్కడే ఉంటుంది. నీకు కావాలనిపించినప్పుడు వచ్చి తీసుకుపో.

మొన్న శనివారం క్రీస్తుదాసు పాలెం పోతుంటే నేనూ వస్తానన్నాను. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆ తోపు చూడలేదు. బడి ఉంది, ఇల్లు ఉంది, వచ్చేసారి అనుకుంటూనే గడిచిపోయింది. జీపు పక్కకు ఈడ్చుకుంటూ పోతుంటే వెనక్కు తిరిగి కూచున్నాను. నాలుగు గీతలు పడుతూ వచ్చాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. కళ్ళు తుడుచుకుంటే ఆ కాస్తసేపు కనిపించకుండా పోతాయని తుడుచుకోలేదు. క్రీస్తుదాసు మంచి పిల్లవాడు, రోడ్డే చూస్తూ తోలినాడు.

తోపు దగ్గర ఆపినాడు. మీ బావ ఆపిన చోటు ఇదేనని వాడికి తెలియదు, చెట్టుకు పోలేరయ్య పసుపు పూసి పెట్టినాడు, దాన్ని బట్టి నాకు తెలిసింది. నేను దిగాను. గుడిసెలు చెట్ల అవతల కాస్త కనిపిస్తున్నాయి. ఇంతదూరం అంటారు, అంతదూరం అంటారు, నేను ఎంత దూరమో అనుకుని ఉన్నాను. ఆయన ఎంతసేపు నొక్కినా వినిపించనంత దూరమేమోనని, వినిపించినా వచ్చేసరికి ఎట్లాగూ ఆలస్యమయ్యేదేమోనని, అట్లా అనుకుంటేనే నాకు కాస్త నిద్ర పట్టేది.

క్రీస్తుదాసు ఊరికే ఒకసారి హారన్ కొట్టినాడు.

నేను కొంగు సర్దుకుని తల ఎత్తేసరికి వాళ్ళు నా చుట్టూ ఉన్నారు తమ్ముడూ. పిల్లకాయలు, ఆడవాళ్ళు, పోలేరయ్య. నిండు చూలాలు మస్తానమ్మ, అందరికంటే ముందు ఆ పిల్లే వచ్చి నా చేయి పట్టుకుంది. ఆయాసం కూడా రాలేదు దానికి.

అంత దగ్గరే ఉన్నారు.

నీ అక్క,
కరుణ